ఏడు బరువుల బోటు

వైశాఖ బహుళ విదియ

తెల్లారేసరికి గాలివాన తగ్గింది. తలుపు తీసి చూస్తే ఊరంతా తడిసిన చాపలు, విరిగిన సోలార్ పలకలు, చచ్చిన చేపలు. మా ఊరంటే సముద్రం మీద లంగరేసి కట్టుకున్న తెప్పలే, అవన్నీ గొలుసులతో ఇంకా కలిసే ఉన్నాయి. తూర్పు అంచున ఉండాల్సిన నీళ్లతెప్ప మాత్రం లేదు.

ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రం ఆ తెప్ప మీదే ఉంది. దాని గోల పడలేక దాన్ని ఊరికి దూరంగా ఒంటి గొలుసుతో కట్టుకున్నాం. రాత్రి పనిలో ఏడుగురు ఉన్నారు. అందులో మా ఆయన ఎల్లాజీ ఒకడు. యంత్రం బాగోగులు చూసేది అతనే.

వైర్‌లెస్ దగ్గరికి పరిగెత్తాను. మా అత్త నూకమ్మ నాకంటే ముందే అక్కడుంది.

"అందరం బాగానే ఉన్నాం," అన్నాడు ఎల్లాజీ. గొంతులో నిద్రలేమి ఉంది గాని భయం లేదు. "గొలుసు తెగింది, అంతే. నువ్వేం కంగారుపడకు. అమ్మ ఉందా పక్కన?"

"ఉన్నానురా," అంది అత్త. "ఏదైనా తిన్నావా?"

"బంగారమ్మ వదిన గంజి కాస్తోంది."

బంగారమ్మ అక్కడ వంట చేస్తుంది. ఆ మాట విన్నాక అత్త మనసు కాస్త కుదుటపడింది.

నేను తెప్పలపాలెం బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆకాశంలోంచి దారి చూపే యంత్రాలు మూగబోయినప్పటి నుంచి, ఊరి బోట్లు ఏ దిక్కుకి ముక్కు పెట్టాలో లెక్కకట్టి చెప్పడం కూడా నా పనే అయింది. లెక్క చెప్పినవాళ్లు ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో ఏ రోజుకారోజు రాసిపెట్టాలని మా ప్రెసిడెంటు అచ్చియమ్మ గారి నియమం. అందుకే ఇది రాస్తున్నాను.

బహుళ తదియ

ఊరికి ఉత్తరపు కొసన ఒకసారి, దక్షిణపు కొసన ఒకసారి నిలబడి నీళ్లతెప్ప ఏ కోణంలో కనిపిస్తోందో కొలిచాను. రెండు గీతలూ కాగితం మీద గీస్తే అవి కలిసిన చోటే తెప్ప. ఊరికి సరిగ్గా తూర్పున ఉంది. పడమటి గాలి దాన్ని నెడుతోంది. తెగిన గొలుసు మాత్రం ఇంకా దాని కింద వేలాడుతూ సముద్రం అడుగున ఈడ్చుకుపోతోంది. అందుకే రోజంతా పోయినా ఐదారు కిలోమీటర్లు మించి కదలడం లేదు.

"అంటే నడిచే మనిషి కంటే కూడా నెమ్మదన్నమాట," అన్నారు అచ్చియమ్మ గారు. "ఇంకేం, పెద్ద ఊరి టగ్గుబోటు వచ్చి లాక్కొస్తుంది. కబురు పంపాను. ఈలోగా వాళ్లు అక్కడే ఉండి యంత్రం నడిపిస్తారు. మనం బోటేసుకెళ్లి నీళ్లు తెచ్చుకుందాం."

అది మంచి ఆలోచనే అనిపించింది. నాలుగొందల మంది తాగాలి. ట్యాంకుల్లో ఉన్నది కొద్దిరోజులకే సరిపోతుంది. వర్షాలకి ఇంకా చాలా టైముంది. ఊళ్లో పాత చిన్న యంత్రం ఒకటి ఉంది గాని దాని ఫిల్టర్లు ఎప్పుడో పాడైపోయాయి.

ఇంజను బోట్లలో గాలివానకి మిగిలింది ఒక్కటే. దాని మోటారులోకి నీరెక్కింది. దాసన్న దాన్ని విప్పి ఎండలో ఆరబెడుతున్నాడు. ఊళ్లో అతనంత అనుభవమున్న బోటు మనిషి లేడు.

బహుళ చవితి

దాసన్న పొద్దున్నే పీపాలు వేసుకుని బయల్దేరాడు. దిక్కు చెప్పనా అంటే నవ్వాడు. "కంటికి కనిపిస్తంటే దిక్కెందుకు టీచరమ్మా?"

నిజంగానే కనిపిస్తోంది. అతను ముక్కు సూటిగా తెప్ప వైపు పెట్టాడు. ఇక్కడ నీరు ఉత్తరానికి పారుతోంది. బోటు తూర్పుకి వెళ్తున్న కొద్దీ నీరు దాన్ని పక్కకి లాగింది. అతను మళ్లీ తెప్ప వైపు తిప్పుకున్నాడు. నీరు మళ్లీ లాగింది. అలా కొడవలిలా వంకర తిరిగి, చివరికి నీటికి ఎదురీదుతూ తెప్పని చేరేసరికి, ఆ పొద్దుటికి బ్యాటరీకెక్కిన కాస్త చార్జిలో సగానికి పైగా అయిపోయింది. పీపాలు నింపుకుంటే వెనక్కి చేరనేమోనని ఖాళీగానే వచ్చేశాడు.

రేవులో దిగి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నా ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పు టీచరమ్మా. వింటాను."

చెక్కమీద సుద్దతో గీశాను. బోటుకి నీటిలో గంటకి పన్నెండు కిలోమీటర్ల వేగం. నీటికి ఉత్తరానికి మూడు. రెండూ బాణాలే. మొదటి బాణం మొన దగ్గర రెండోదాని తోక పెట్టి, మొదటి తోక నుంచి రెండో మొన దాకా గీత గీస్తే బోటు నిజంగా పోయే దారి అదే. ఆ దారి సూటిగా తూర్పుకి ఉండాలంటే ముక్కు తూర్పుకి ఉండకూడదు. పదిహేను డిగ్రీలు దక్షిణానికి తిప్పి ఉంచాలి.

"అంటే తెప్పని చూడకుండా, లేని చోటికి పోవాలన్నమాట."

"నువ్వు పోయేది లేని చోటికే. నీరు నిన్ను ఉన్న చోటికి చేరుస్తుంది."

దాసన్న ఆ త్రిభుజాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత సుద్దముక్క తీసుకుని, వెనక్కి వచ్చే దారికి త్రిభుజం తనే గీశాడు. సరిగ్గానే గీశాడు. బళ్లో పిల్లలకి అది రావడానికి నెల పడుతుంది.

బహుళ సప్తమి

మూడు రోజులుగా బోటు పోయి వస్తోంది. నీళ్ల పీపాలు వస్తున్నాయి. బియ్యం, కూరలు వెళ్తున్నాయి. మా అత్త రోజూ ఎండు రొయ్యల పొడి పొట్లం కడుతోంది. దాసన్న తిరిగి రాగానే రేవులో నిలబెట్టి అడుగుతుంది. "ఎలాగున్నాడు? చిక్కాడా?"

"బాగున్నాడు పిన్నీ. పాటలు కూడా పాడుతున్నాడు."

"ఆడికి పాటలేటి, గొంతే లేదు," అంటుంది అత్త. అంటూ నవ్వుతుంది.

సాయంత్రం వైర్‌లెస్‌లో ఎల్లాజీ నాతో చాలాసేపు మాట్లాడాడు. టగ్గుబోటు వచ్చేదాకా తీరిక దొరికిందనీ, ఇన్నాళ్లూ బాగుచెయ్యాలనుకున్న పంపు బాగుచేశాననీ చెప్పాడు. "ఇంటికొచ్చాక రెండు రోజులు నిద్రపోతాను. లేపకు."

"లేపనులే."

"టగ్గు ఎప్పుడంట?"

"ఎల్లుండి అన్నారు."

నాకు నచ్చని సంగతి ఒకటుంది. నేను రోజూ ఎండుకొబ్బరికాయలు నీటిలో వేసి అవి ఎటు పోతున్నాయో చూస్తాను. మొన్నటిదాకా ఉత్తరానికి పోయేవి. నిన్న ఈశాన్యానికి పోయాయి. ఇవాళ దాదాపు తూర్పుకే పోతున్నాయి. గాలివాన పోయాక నీరు తిరుగుతోంది. గాలీ తూర్పుకే, నీరూ తూర్పుకే. అచ్చియమ్మ గారికి చెప్పాను. ఆవిడ టగ్గు వాళ్లకి మళ్లీ కబురు పెట్టారు.

బహుళ అష్టమి

పొద్దున్నే ఎల్లాజీ పిలిచాడు. మాట తేడాగా ఉంది.

"హైమా, గొలుసు చప్పుడు ఆగిపోయింది."

ఈ ఆరు రోజులుగా అడుగున గొలుసు రాళ్లమీద ఈడ్చుకుపోతున్న చప్పుడు వాళ్లకి తెప్పంతా వినిపించేది. అది లేదు. సీసం గుండు కట్టిన తాడు దించి చూశాడట. తాడంతా దిగినా అడుగు తగల్లేదు.

నాకు అర్థమైంది. అతనికి ముందే అర్థమైంది. సముద్రం అడుగునున్న గట్టు అంచు దాటేశారు. అక్కడి నుంచి అడుగు ఒక్కసారిగా లోతుకి పడిపోతుంది. పట్టుకోవడానికి గొలుసుకి ఏమీ లేదు. ఇక తెప్ప నీటితో పాటే పోతుంది, గంటకి మూడు కిలోమీటర్లు.

"మూడేనా?" అన్నారెవరో వెనకనుంచి. గంటకి మూడంటే చిన్నమాటలా వినిపిస్తుంది. అది రాత్రీ పగలూ ఆగదన్నది వినిపించదు.

టగ్గు వాళ్లు ఆ తర్వాత కాసేపటికే చెప్పారు. వాళ్ల ఇంజను షాఫ్టు విరిగింది. రాలేరు.

మా బోటు నిన్న సాయంత్రమే నీళ్లతో తిరిగొచ్చింది. మూడు రోజుల తిరుగుడుకి బ్యాటరీ ఖాళీ అయింది. మిగిలిన పలకలతో సాయంత్రం ఆరుకి గాని నిండదు. సగం చార్జితో పంపితే చేరుతుంది గాని రాదు. ఆరింటికి తెప్ప అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ తర్వాత ఇంకో రోజు చార్జి చేసి పంపేంత దగ్గరలో అది ఉండదు. ఒకసారే వెళ్లిరాగలం.

అచ్చియమ్మ గారు, దాసన్న, నేను, మా అత్త వైర్‌లెస్ గదిలో కూర్చున్నాం. అత్తని బయటికి పొమ్మని ఎవరూ అనలేదు.

"పోయేటప్పుడు సులువు," అని దాసన్నకి చెప్పాను. "ఈసారి త్రిభుజం లేదు. నువ్వూ, తెప్పా ఒకే నీటిలో ఉంటారు. ఆ నీరు మీ ఇద్దర్నీ ఒకేలా మోస్తుంది. సూటిగా తెప్ప వైపే ముక్కు పెట్టు. నీటిలోంచి చూస్తే తెప్ప కదలడం లేదు. అరవై కిలోమీటర్లు, ఐదు గంటలు."

"తెప్ప కదలకపోవడమేటే?" అంది అత్త. "పోతంది కదా?"

"నీటి మీద కూర్చున్నవాళ్లకి కదలదత్తా. వాళ్లకి మన ఊరే వెనక్కి పోతున్నట్టుంటుంది."

అత్త వైర్‌లెస్ వైపు చూసింది. "అయితే ఆడనుకుంటాడు, మనమే ఆణ్ణొదిలేసి పోతన్నామని."

నేను కాగితం మీదికి వంగాను.

వచ్చేటప్పుడే కష్టం. బోటు అక్కడికి చేరి, మనుషులు ఎక్కేసరికి అర్ధరాత్రవుతుంది. అప్పటికి ఊరి నుంచి దూరం డెబ్బై ఎనిమిది. నీరు ఎదురు. గాలీ ఎదురే. దాసన్న బోటు పైకప్పు, బల్లలు, లంగరు, అన్నీ ఊడదీశాడు. అయినా లోపలికెక్కే ప్రతి బరువూ బోటుని నీటిలోకి దించుతుంది, వేగం తగ్గిస్తుంది. ఈ గాలిలో దాసన్న కాక ఏడుగురి బరువుతో బోటు నీటిలో గంటకి ఎనిమిది పోతుంది. ఎనిమిదిలోంచి నీటి మూడు తీసేస్తే ఐదు. పదహారు గంటలలోపు ఊరికొస్తుంది. బ్యాటరీలో అప్పటికి మిగిలేది పదహారున్నర గంటలకి వస్తుంది. ఎనిమిది బరువులైతే గంటకి ఏడు. మూడు పోతే నాలుగు. పంతొమ్మిదిన్నర గంటలు కావాలి.

పెద్ద లెక్కేం కాదు. బాణాలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. తీసివేత వచ్చిన చిన్నపిల్లాడైనా చేస్తాడు. నేను నాలుగుసార్లు చేశాను.

మధ్యాహ్నం ఎల్లాజీని పిలిచాను.

"ఎంతమంది ఎక్కొచ్చు?" అన్నాడు.

"ఏడు బరువులు."

"సరిపోయింది కదా. ఏడుగురమే."

అచ్చియమ్మ గారు నా వైపు చూశారు. ఆవిడకి అడగడానికి నోరు రావడం లేదు. అడగకుండా ఉండడానికీ వీల్లేదు. మైకు నా దగ్గర నుంచి తీసుకున్నారు. "ఎల్లాజీ, ఫిల్టర్ల సంగతి..."

నీళ్లతెప్ప పోతే ఊరికి మంచినీళ్లు లేవు. దాని ఫిల్టర్లు విప్పి తెచ్చి ఊళ్లో ఉన్న పాత యంత్రానికి బిగిస్తేనే నాలుగొందల మంది వర్షాల దాకా బతుకుతారు. ఆ ఫిల్టర్ల పెట్టె ఎంత బరువుంటుందో ఎల్లాజీకి తెలుసు. దాన్ని ఎన్నోసార్లు తనే మోశాడు.

"పెట్టె ఒక మనిషంత ఉంటుంది," అన్నాడు. "సగం ఫిల్టర్లు తెస్తే?"

"సగంతో సగం మందికే నీళ్లు," అన్నారు అచ్చియమ్మ గారు.

"హైమకివ్వండి."

మైకు తీసుకున్నాను.

"ఎనిమిదైతే?"

"చేరదు."

"ఎంతలో ఆగిపోతుంది?"

"ఊరికి పన్నెండు కిలోమీటర్లలో."

"పన్నెండేగా? తెడ్ల పడవలు ఎదురొస్తే?"

"వస్తాయి. నీటివాలు కాబట్టి రావడం వస్తాయి. మీ అందర్నీ ఎక్కించుకుని నీటికి ఎదురు వెనక్కి పోలేవు. వాళ్లు కూడా మీతో పాటు పోతారు."

"గాలి పడితే?"

ఆ మాట నేనూ అనుకున్నాను. పొద్దుటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. ఈ కాలంలో పడమటి గాలి ఒక్కోరోజు తెల్లారేసరికి పడిపోతుంది. ఒక్కోరోజు వారమంతా పడదు.

"పడితే ఎనిమిదీ చేరతాయి," అన్నాను. "పడుతుందని చెప్పలేను."

"నీకేమనిపిస్తోంది?"

"అనిపించడం కాదు. పడకపోతే బోటులో ఉన్నవాళ్లందరూ పోతారు. పెట్టె కూడా పోతుంది."

"అయితే ఏడు."

"ఏడు."

ఆ అంకె నా నోటితోనే అన్నాను. పక్కన మా అత్త కూర్చునుంది. తన చెయ్యి నా మోకాలి మీద ఉంది. తియ్యలేదు.

"సరే," అన్నాడు ఎల్లాజీ. "ఒక ఫిల్టరు నేనుంచుకుంటాను. మిగతావి విప్పేస్తాను. ఇక్కడ యంత్రం నడపడం నాకే వచ్చు. ఇంకెవరు ఉన్నా నీళ్లు లేక పోతారు. నేనుంటే నీళ్లుంటాయి. బియ్యం ఉన్నాయి, గాలం ఉంది. నీరు తూర్పుకి పోతోందంటే ఎప్పటికో అటు దీవులకో, ఒడ్డుకో తగులుతుంది కదా?"

"తగలొచ్చు."

"చూశావా, దీనికి మాత్రం తగలొచ్చు అన్నావు," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అప్పుడు అత్త మైకు లాక్కుంది. "ఒరే, నేనొస్తాన్రా. దాసుతో వచ్చేత్తాను. పోయేటప్పుడు బోటు ఖాళీయే కదా. ఒక్కడివీ ఉండకు."

"వద్దమ్మా. ఉన్న బియ్యం ఇద్దరికి చాలవు."

"నేను తినేదెంత?"

"అమ్మా. హైమ ఒక్కతే ఐపోతుంది."

అత్త మైకు నా ఒళ్లో పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆరింటికి బోటు బయల్దేరింది. దాసన్న చేతికి నేనేమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి చాలా ఉన్నాయి గాని, ఇంట్లో ఏది ముట్టుకున్నా అది ఎంత బరువుంటుందో అనే ఆలోచన వచ్చింది.

బహుళ నవమి

లెక్క ప్రకారం బోటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో రావాలి. పది గంటలకే ఊరి జనమంతా రేవుకొచ్చి కూర్చున్నారు. వాళ్లలో తిరిగొస్తున్న ఆరుగురి ఇంటివాళ్లు ముందు వరసలో ఉన్నారు. మాకూ అక్కడే చోటిచ్చారు. మాతో ఏం మాట్లాడాలో తెలియక ఒకామె వచ్చి మజ్జిగ ఇచ్చి వెళ్లింది.

నా తల వెనక వేలాడే జడ కదలడం లేదని నాకెప్పుడు తెలిసిందో చెప్పలేను. పొద్దుటి నుంచీ చెంపల మీద కొట్టాల్సిన గాలి లేదు. పలకల మీద ఆరేసిన బట్టలు నిలువునా వేలాడుతున్నాయి. సముద్రం పాలగిన్నెలా ఉంది.

ఒంటిగంటకి ఎవరో అరిచారు. బోటు వచ్చేసింది.

మూడు గంటలు ముందు.

అందరూ కేకలు వేస్తూ లేచారు. ఏడుపులు, కౌగిలింతలు. బంగారమ్మ దిగీదిగగానే మా అత్తని పట్టుకుని ఏడ్చింది. "పిన్నీ, ఎంత బెంగపడ్డామో తెలుసా. మూడు గంటలు కొట్టాక గాలి ఆగిపోయింది. ఇంక హాయిగా వచ్చేశాం..." అంటూనే, తనేమన్నదో తనకే తెలిసి ఆగిపోయింది.

నేను బోటులోకి దిగాను. దాసన్న బ్యాటరీ మీటరు మీద తువ్వాలు కప్పి, దాని ముందు నిలబడ్డాడు.

"జరుగు దాసన్నా."

"ఎందుకు టీచరమ్మా."

"జరుగు."

జరిగాడు. ఇంకా మూడున్నర గంటల చార్జి మిగిలుంది. గాలి లేకపోతే ఎనిమిది బరువులతో గంటకి ఎనిమిది. మూడు పోతే ఐదు. గాలి ఉన్న మొదటి మూడు గంటలు కలిపినా పదహారున్నర లోపే. బ్యాటరీ సరిపోయేది. ఆ లెక్కకి కాగితం అక్కర్లేకపోయింది.

ఫిల్టర్ల పెట్టె బోటు మధ్యలో తాళ్లతో కట్టుంది. అంత గట్టిగా ముళ్లు వేసేది ఎల్లాజీయే. వాటిని విప్పలేక కత్తితో కోశారు.

వైర్‌లెస్ గదిలో నుంచి పిలుపొచ్చింది. నీళ్లతెప్ప నుంచే. అప్పటికి అది నూట పదిహేడు కిలోమీటర్లు దాటింది. ఇవాళ కాకపోతే రేపు మాట అందదు. నేను, అత్త, దాసన్న వెళ్లాం. గొంతు గరగరలో మునిగి తేలుతోంది.

"బోటు చేరిందా?"

"చేరింది. అందరూ దిగారు. పెట్టె కూడా."

"అమ్మయ్య." కాసేపు గరగర. "ఇక్కడ తెల్లవారుజామున గాలి పడిపోయింది హైమా. అక్కడ కూడా పడిందా?"

దాసన్న నేలవైపు చూస్తున్నాడు. నేను జీవితంలో ఎప్పుడూ ఎవరికీ లెక్క తప్పు చెప్పలేదు. పిల్లలు మార్కుల కోసం ఏడ్చినా చెప్పలేదు.

"లేదు," అన్నాను. "ఇటు పడలేదు. దారంతా ఎదురుగాలే."

"బ్యాటరీ?"

"రేవు కనిపించేసరికి అయిపోయింది. ఆఖర్న తాడు వేసి లాగాం."

అతను నమ్మాడో లేదో తెలియలేదు. గరగర ఒక్కటే వినిపిస్తోంది. "అమ్మ ఉందా?" అన్నాడు.

అత్త మైకు తీసుకుంది. బంగారమ్మ చెప్పిందంతా విన్న మనిషి. రేవులో నిలువునా వేలాడిన బట్టలు చూసిన మనిషి. నా ముఖంలోకి ఒక్కసారి చూసి, మైకు పెదాలకి దగ్గరగా పెట్టుకుంది.

"అవున్రా నాన్నా. ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చారు. ఇంకొకడెక్కుంటే ఒక్కరూ వచ్చేవోరు కాదు."

"సరే అయితే," అన్నాడు ఎల్లాజీ. గొంతు తేలికపడింది. నిజంగా తేలికపడింది, నేను విన్నాను. "హైమ లెక్క ఎప్పుడూ తప్పదమ్మా."

"తప్పదురా," అంది అత్త.

తర్వాత ఇంకేవో చెప్పాడు. ఇవాళ పెద్ద చేప పడిందన్నాడు. పైకప్పు మీద నుంచి చూస్తే నీళ్లు నల్లగా ఉన్నాయన్నాడు. ఇంకేదో అడిగాడు. ఆ మాట అందలేదు. "ఏంటి? మళ్లీ చెప్పు," అని నేను ఎన్నిసార్లు అన్నానో. అటునుంచి మాట తెగి తెగి వచ్చి, గరగరలో కలిసిపోయింది. సాయంత్రం దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆ గరగరే వింటూ.

బహుళ ద్వాదశి

మూడు రోజులుగా పిలుస్తున్నాం. జవాబు లేదు. పెద్ద ఊళ్లన్నిటికీ, తూర్పున ఎవరున్నా వాళ్లకీ, నీరు ఎటు పోతోందో, తెప్ప ఏ రోజుకి ఎక్కడుండొచ్చో చెప్పి కబుర్లు పంపించాను. నాకు చేతనైంది అదే.

ఇవాళ పాత యంత్రం నడిచింది. కుళాయిల్లో నీళ్లొచ్చాయి. జనం బిందెలతో వరసకట్టారు. మా అత్త కూడా వెళ్లి తన వంతు వచ్చేదాకా నిలబడి, బిందె నింపుకుని ఇంటికి తెచ్చింది. గ్లాసులో పోసి నాకిచ్చింది. తనూ తాగింది.

అచ్చియమ్మ గారు బడికొచ్చారు. ఆరుగురి ప్రాణాలు, ఊరి నీళ్లు దక్కిన లెక్క కాబట్టి పిల్లలకి పాఠంగా చెప్పమన్నారు. వద్దనబోయాను. తర్వాత చెప్పడమే మంచిదనిపించింది.

నల్లబల్ల మీద రెండు బాణాలు గీశాను. బోటుకి నీటిలో ఉన్న వేగం. నేల మీద నుంచి చూస్తే నీటికి ఉన్న వేగం. రెండూ కలిపితే నేల మీద నుంచి కనిపించే బోటు వేగం. ఏడు బరువులకి చేశాం. ఎనిమిదికి చేశాం. పిల్లలు చకచకా చేసేశారు. తర్వాత గాలి పడిపోయిన సంగతి కూడా చెప్పాను. ఎల్లాజీతో ఆడిన అబద్ధం పిల్లల దగ్గర ఆడలేకపోయాను. ఆ లెక్క కూడా చేయించాను.

జవాబు వచ్చాక బంగారమ్మ కూతురు వెనక బెంచీలో లేచి నిలబడింది. ఏడుస్తోంది.

"అయితే టీచర్, ఎల్లాజీ మామ కూడా వచ్చేవాడా?"

"వచ్చేవాడు."

"మరి లెక్క తప్పా?"

"తప్పు కాదమ్మా. గాలి మారింది. ఆ సాయంత్రం మనకు తెలిసినదానికి జవాబు ఏడే. ఇవాళ మళ్లీ అడిగినా ఏడే అంటాను."

ఆ పిల్ల కూర్చోలేదు. "మీకెలా అనబుద్ధవుతుంది టీచర్?" అంది. కోపంతో కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

ఏదో చెప్పబోయాను. సుద్దముక్క కింద పెట్టి, పిల్లల ముందే కుర్చీలో కూర్చుండిపోయాను. ఎల్లాజీ పోయినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. పిల్లలు బయటికి పరిగెత్తి వెళ్లలేదు. ఒక్కొక్కరే లేచి వచ్చి నా కుర్చీ చుట్టూ నిలబడ్డారు. గంట కొట్టినా వాళ్లు కదల్లేదు.